ఆ ఆరు బకెట్ల జోలికి నేను వెళ్లను

మా డాబా మీద ఇరవై రెండు బకెట్లలో మొక్కలున్నాయి. పదహారు ఇంటిల్లిపాదివీ. మిగతా ఆరింట్లో మూడు మా అమ్మాయివి, మూడు మా చిన్నోడివి. ఆ ఆరూ వాడిపోతున్నా నేను చెంబుడు నీళ్లు పోయను. పురుగు పట్టినా దులపను. అడిగితే చెబుతాను, చేయి మాత్రం పెట్టను. పిల్లలకు కష్టం విలువ తెలియడానికి తోట పెడదామనుకుంటున్నామని ఎవరైనా అంటే నేను ముందు చెప్పేది ఈ సంగతే. మట్టి పాళ్లు, ఎరువులు, విత్తనాలు ఆ తర్వాత.

నేను గుంటూరు మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్లో గుమాస్తాని. పుట్టింది ప్రత్తిపాడు దగ్గర పల్లెలో. మా నాన్న మిరప, పత్తి వేసేవాడు. ఇప్పుడు మేం కొరిటెపాడులో అద్దెకుంటున్నాం. డాబా వాడుకోవడానికి ఇంటివాళ్లు ఒప్పుకున్నారు, నీళ్లు కింద గోడలకు దిగకూడదన్న షరతు మీద. అమ్మాయి ఇప్పుడు ఎనిమిదో తరగతి, చిన్నోడు ఐదు. తోట మొదలుపెట్టినప్పుడు ఒకరు ఐదు, ఒకరు రెండు.

మొదట మానుకోవాల్సిన మాట

పిల్లలు చదవకపోతే మన ఇళ్లలో ఒక మాట అంటాం. "చదువుకోకపోతే గేదెలు కాసుకోవాలి." "మార్కులు రాకపోతే మట్టి పిసుక్కుంటావ్." నేనూ అన్నాను. అమ్మాయి నాలుగో తరగతిలో ఉండగా లెక్కల్లో తక్కువొచ్చాయని అన్నాను. ఆ ఏడు సంక్రాంతికి ఊరెళ్లాం. కాయ కోతలు జరుగుతున్నాయి. మా నాన్న గట్టు మీద కూర్చుని మజ్జిగ తాగుతుంటే తను పక్కన చేరి, "తాతయ్యా, నువ్వు చిన్నప్పుడు సరిగ్గా చదువుకోలేదా?" అని అడిగింది. ఆయన నవ్వి ఊరుకున్నాడు. నాకు ఆ పూట అన్నం సహించలేదు. ఆ ప్రశ్న తనకు నేనే నేర్పాను.

మా నాన్న కూడా నాతో "నాలాగా మట్టిలో బతకొద్దురా, చదువుకో" అనేవాడు. ఆయన అన్నది తన నడుం నొప్పిలోంచి. నేను అన్నది ఫ్యాన్ కింద కూర్చుని. రెండు మాటలూ ఒకేలా వినిపిస్తాయి గానీ ఒకటి కావు.

ఆ మాట ఇంట్లో ఉన్నంతకాలం తోట పెట్టి లాభం లేదు. పొద్దున మట్టిపనిని శిక్ష అని చెప్పి, సాయంత్రం అదే గొప్పదని పార చేతికిస్తే పిల్లలు నమ్మరు. అందుకని మా ఇంట్లో కట్టుబాటు పెట్టుకున్నాం. పనితో బెదిరించం. మార్కులు తగ్గాయని కలుపు తీయించం, అల్లరి చేశాడని నీళ్లు మోయించం. అలాగే పరీక్షలున్నాయి కదా పాపం అని మొక్కల పని మాఫీ కూడా చేయం. పొద్దున్నే పావుగంట పని, దానివల్ల ఏ పరీక్షా పోదు. ఇది మా ఆవిడ పట్టుబట్టి పెట్టిన నియమం. మొదట్లో నాకే టెన్షన్‌గా ఉండేది. ఇప్పుడు చూస్తే అన్నింటికంటే బాగా నిలిచింది ఇదే.

ఎప్పుడు మొదలుపెట్టాలి

చాలామంది వేసవి సెలవుల్లో మొదలుపెడతారు, పిల్లలు ఖాళీగా ఉంటారని. నేనూ 2022 ఏప్రిల్‌లో అలాగే చేశాను. పాతిక టమాటా నారు మొక్కలు తెచ్చి నాటించాను. పిల్లలిద్దరూ రెండు పూటలా నీళ్లు పోశారు. పై నుంచి ఎండ, కింద నుంచి డాబా సిమెంటు వేడి. మే నెల మొదటి వారానికి పాతికలో రెండే మిగిలాయి, రోహిణి కార్తెకు అవీ పోయాయి. రోళ్లు పగిలే ఎండలని మన పెద్దలు చెప్పిన కార్తె అది. వాళ్లు చేయాల్సింది చేశారు, కాలం చూసుకోనిది నేను. చిన్నోడు ఆ తర్వాత నెల రోజులు డాబా మెట్లెక్కలేదు.

మన గుంటూరు, విజయవాడ ఎండలకు మొదటిసారి మొదలుపెట్టేవాళ్లు అక్టోబరు మధ్య దాకా ఆగండి. వానలు తగ్గి పొద్దున పూట చల్లబడే ఆ రోజుల్లో మెంతి, పాలకూర, కొత్తిమీర, టమాటా ఏది వేసినా పిల్లల చేతిలో బతుకుతుంది. బీర, సొర లాంటి తీగలైతే జూన్‌లో మృగశిర దాటి నాలుగు వానలు పడ్డాక. మిరప నారు పోయడానికి ఆగస్టు. చిక్కుడు ఆగస్టులో పెట్టినా పగళ్లు పొట్టివై చలి మొదలయ్యే దాకా పూత రాదు, ఆ సంగతి పిల్లలకు ముందే చెప్పి ఉంచండి. లేకపోతే రోజూ పందిరి కింద నిలబడి "ఇంకా రాలేదేంటి?" అంటూనే ఉంటారు.

మరి వేసవి సెలవుల్లో ఏం చేయాలంటే, మట్టి పని. బకెట్లు గుమ్మరించి, వేళ్లు ఏరి, మట్టిని ఎండబెట్టి, ఎరువు కలిపి మళ్లీ నింపుకోవాలి. ఎండ పడకముందు పొద్దున ఏడులోపు, లేదా సాయంత్రం ఐదు దాటాక. ఏదో ఒక పచ్చదనం ఉండాలనుకుంటే యాభై శాతం నీడనిచ్చే గ్రీన్ నెట్ కట్టి గోంగూర, తోటకూర, బచ్చలి వేసుకోండి. ఆ ఎండను తట్టుకునేవి అవే.

మట్టి మోత

పొలాల్లో బంగారం పండించే మన నల్లరేగడి బకెట్లలో పనికిరాదు. తడిస్తే బంక, ఎండితే రాయి. మేం రెండు పాళ్లు ఎర్రమట్టి, ఒక పాలు బాగా మాగిన పశువుల ఎరువు, ఒక పాలు కొబ్బరిపొట్టు కలుపుతాం. బకెట్‌కు ఒక గుప్పెడు వేపపిండి. ఎరువు మాగిందో లేదో పిల్లలచేతే చూపించండి. చేతిలోకి తీసుకుంటే వేడి లేకుండా, పేడ వాసన పోయి, టీపొడిలా పొడిపొడిగా రాలాలి. పచ్చి పేడ వేస్తే వేళ్లు మాడతాయి.

బకెట్లు పెయింటు వేసేవాళ్ల దగ్గర దొరికే ఇరవై లీటర్లవి. శుభ్రంగా రుద్ది కడిగాక అడుగున ఐదారు కన్నాలు పెట్టాలి. కాల్చిన ఇనప ఊచతో పెట్టే పని కాబట్టి అది పెద్దవాళ్లదే. కన్నాల మీద కొబ్బరి పీచు పరచండి. బకెట్లను ఇటుకల మీద నిలబెట్టండి. అప్పుడు నీళ్లు కింద నిలవవు, డాబా చెమ్మెక్కదు, దోమలు గుడ్లు పెట్టవు. కింద ప్లేట్లు పెట్టే అలవాటుంటే వారానికోసారైనా ఒంపేసి తుడవాలి, డెంగీ భయం మన ఊళ్లలో ఎప్పుడూ ఉన్నదే. పిట్టగోడ పిల్లల ఛాతీ ఎత్తు లేకపోతే బకెట్లను గోడకు దూరంగా పెట్టండి, ఎక్కి తొంగి చూడకుండా.

మట్టి గేటు దగ్గర దిగింది. ఇద్దరు కూలీలను పెట్టుకుంటే గంటలో పైకి చేరేది. మేం పెట్టుకోలేదు. నలుగురం రెండు సాయంత్రాలు మోశాం. నేను గమేళాతో, మా ఆవిడ బకెట్‌తో, అమ్మాయి చిన్న టబ్బుతో, చిన్నోడు ఇసకలో ఆడుకునే బుల్లి బకెట్‌తో. వాడి మోత రెండు కిలోలు మించకుండా చూశాను. మెట్లు ముప్పై ఎనిమిది. గోడ మీద సుద్దముక్కతో ఎవరి గీతలు వాళ్లు గీసుకున్నారు. అమ్మాయివి నలభై ఒకటి, వాడివి ఇరవై ఆరు. రెండో సాయంత్రం వాడు మెట్ల మీద కూర్చుని చేతులు నొప్పులని ఏడ్చాడు. వాళ్లమ్మ నీళ్లిచ్చి, "చాల్లే, కూర్చో" అంది. ఎవరూ బతిమాలలేదు, ఎవరూ వెక్కిరించలేదు. కాసేపటికి వాడే లేచి బకెట్ పట్టుకున్నాడు.

ఈ మోతను దయచేసి డబ్బిచ్చి తప్పించకండి. తర్వాత ఒకసారి మా తమ్ముడు వచ్చి పైపు పట్టుకుని జోరుగా నీళ్లు కొడుతుంటే, బకెట్లోంచి మట్టి పొంగి పోతుంటే, చిన్నోడు కింద నుంచి పరిగెత్తుకొచ్చి, "బాబాయ్, ఆపు! మట్టి పోతోంది!" అని అరిచాడు. మట్టి పోతే బాధపడే రెండో తరగతి పిల్లాడిని నేను అప్పటి దాకా చూడలేదు.

మూడు మొక్కలు, మూడు ఓపికలు

ఒక్కొక్కరికి మూడు బకెట్లే ఎందుకంటే, ఒకటి తొందరగా చేతికొచ్చేది, ఒకటి మధ్యస్థం, ఒకటి నెలల తరబడి కూర్చోబెట్టేది ఉండాలి.

తొందరదానికి మెంతికూర. వంటింటి పోపులపెట్టెలోని మెంతులు రాత్రి నానబోసి పొద్దున చల్లితే నాలుగు రోజుల్లో మొలక, ఇరవై, పాతిక రోజుల్లో కూర. తోటకూర కూడా నెలలోపే వస్తుంది. దాని విత్తనాలు మరీ సన్నం కాబట్టి పిడికెడు ఇసకలో కలిపి చల్లమనండి, లేకపోతే ఒకేచోట గుత్తిగా పడతాయి. మధ్యస్థానికి బెండ. నలభై ఐదు, యాభై రోజులకు మొదటి కాయ. ఓపికదానికి మిరప. నారు పోసి నలభై రోజులు, నాటాక పూతకు మరో నలభై, పండుకాయ చూసేసరికి సంక్రాంతి.

ఏ మొక్కో పిల్లలే ఎంచుకోవాలి. చిన్నోడు బెండ ఎంచుకుని బకెట్‌లో నాలుగు గింజలు పెట్టాడు, నాలుగూ మొలిచాయి. ఒకటి, మహా అయితే రెండు ఉంచి మిగతావి పీకేయాలని చెప్పాను. వాడు ఒప్పుకోలేదు. "బతికున్నదాన్ని ఎందుకు పీకాలి?" అన్నాడు. నేను మళ్లీ అనలేదు. నాలుగు మొక్కలూ సన్నగా, పుల్లల్లా పెరిగి తలా రెండు కాయలు కాశాయి. పక్కనే వాళ్లమ్మ బకెట్‌లో ఉన్న ఒంటి మొక్క వేలు లావున ఎదిగి రెండు రోజులకోసారి కాయ కోయించుకుంది. వాడు ఆ రెండింటి దగ్గరా చాలాసేపు కూర్చున్నాడు. మరుసటి విడత మూడు మొలకలు వాడే తీశాడు. తీసినవాటిని పారేయకుండా పాత నూనె డబ్బాలో నాటుకున్నాడు, అది వాడి ఇష్టం.

చేయి పెట్టకపోవడం

అన్నింటికంటే కష్టమైన పని ఇది, పైగా ఇది పెద్దవాళ్ల పని.

మొదటి ఏడు సంక్రాంతికి చిన్నోడు గాలిపటాల ధ్యాసలో పడి మూడు రోజులు డాబా మీద పతంగే చూశాడు గానీ మొక్క చూడలేదు. తోటకూర తలలు వాల్చేసింది. చూడలేక రాత్రి పదింటికి నేనెళ్లి రెండు మగ్గులు పోశాను. పొద్దున వాడు వెళ్లి చూసి అక్కతో అంటున్నాడు: "మూడ్రోజులు పోయకపోయినా ఏం కాలేదక్కా. నువ్వే ఊరికే కంగారు పడతావ్." ఆ మాట గది లోపల నుంచి విన్నాను. రెండు మగ్గుల నీళ్లతో నేను వాడికి నేర్పింది ఇదన్నమాట.

మార్చిలో మళ్లీ అలాగే మరిచాడు. ఒకసారి గుర్తు చేశాను. ఒక్కసారే. రెండో రోజు సాయంత్రానికి సగం మొక్కలు పడిపోయాయి. వాడు చూసి నా దగ్గరకొచ్చి, "నువ్వు చూశావు కదా నాన్నా, ఎందుకు పోయలేదు?" అన్నాడు. "అది నీది కదా నాన్నా" అన్నాను. రాత్రి నాతో మాట్లాడకుండా తిన్నాడు. నాకూ ముద్ద దిగలేదు. పొద్దున ఆరింటికి లేచి చూస్తే మంచం మీద లేడు, పైన ఉన్నాడు. మిగిలిన సగం మొక్కలనూ కోతకు తెచ్చాడు. ఆ తోటకూర వేపుడు వాడు అన్నంలో కలుపుకున్న తీరు చూస్తే ఆ రాత్రి మౌనం పోయింది.

గుర్తు చేయడం ఒకసారి చాలు. మూడోసారి చెప్పామంటే ఆ పని మనదైపోయినట్టే. జ్వరమొస్తే మాత్రం వేరు. అప్పుడు ఇంకొకరు చేస్తారు, కోలుకున్నాక అంత పనీ తిరిగి చేసిపెట్టాలి. పల్లెలో ఒకరి చేనికి ఒకరు బదులు వెళ్లేవాళ్లు కదా, అలాగన్నమాట. ఊరెళ్లేటప్పుడు కూడా వాళ్లే కింది వాటాలోని పిల్లలను అడుగుతారు, వాళ్లు ఊరెళ్తే వీళ్లు చూస్తారు. అడిగే పని నేను చేయను.

నీళ్ల విషయంలో చెప్పాల్సింది కొంచెమే. పైపు వద్దు, మగ్గుతో పోయాలి. పోసేముందు వేలు రెండో కణుపు దాకా మట్టిలో గుచ్చి చూడాలి. వేలికి తడి మట్టి అంటితే ఆ రోజు అక్కర్లేదు. పిల్లలు నీళ్లు తక్కువ పోసి మొక్కల్ని చంపడం అరుదు, ప్రేమకొద్దీ ఎక్కువ పోసే చంపుతారు. అమ్మాయి మొదటి మిరప మొక్క ఆకులు పసుపెక్కి రాలిపోయింది అందుకే.

రూపాయలూ ఫొటోలూ వద్దు. మొదట్లో నేను బకెట్ నీళ్లకు ఐదు రూపాయలు ఇస్తానన్నాను, ఉత్సాహం వస్తుందని. వారం బాగానే సాగింది. రెండో వారం వాళ్లమ్మ కంచాలు తీయమంటే చిన్నోడు "ఎంతిస్తావ్?" అన్నాడు. ఆ రోజుతో ఆపేశాను. ఫొటోలు తీసి స్టేటస్ పెట్టడం కూడా అంతే. కెమెరా చూస్తే మగ్గు పట్టుకునేవాళ్లు, తీయడం అయిపోతే దింపేసేవాళ్లు. ఇప్పుడు పొద్దున పూట ఫోన్ పైకి తీసుకెళ్లం.

పేడ, పురుగు

శుభ్రమైన పనులు మాత్రమే పిల్లలకిచ్చి కంపుకొట్టేవి మనం చేస్తే వాళ్లకు తెలిసేది సగమే. నెలకోసారి మేం జీవామృతం అనే ద్రవ ఎరువు కలుపుతాం. డ్రమ్ములో ఇరవై లీటర్ల నీళ్లు, కిలో ఆవుపేడ, లీటరు ఆవు మూత్రం, రెండు వందల గ్రాముల బెల్లం, రెండు వందల గ్రాముల శనగపిండి, గుప్పెడు గట్టు మట్టి. నీడలో పెట్టి, గోనెపట్టా కప్పి, రెండు రోజులపాటు పొద్దున సాయంత్రం కర్రతో తిప్పాలి. తర్వాత ఒకటికి పది పాళ్లు నీళ్లు కలిపి మొదళ్లలో పోయాలి. పేడ పిసికేది వంతులవారీగా, నాతో సహా. మొదటిసారి అమ్మాయి ముక్కుకు చున్నీ కట్టుకుంది. ఇప్పుడు బెల్లం తక్కువైందేమోనని వాసన చూసి చెబుతోంది. పని అయ్యాక సబ్బుతో మోచేతుల దాకా కడుక్కోవాలి, గోళ్లు కత్తిరించి ఉండాలి, చెప్పుల్లేకుండా పనిలోకి దిగకూడదు.

పేనుబంక, పిండినల్లి పడితే మొదటి మందు వేళ్లే. చెడిన ఆకు తుంచి సబ్బు నీళ్లలో పడేయడం. తగ్గకపోతే లీటరు నీళ్లకు ఐదు మిల్లీలీటర్ల వేపనూనె, కలవడానికి కాస్త సబ్బు ద్రావణం, ఎండ తగ్గాక ఆకుల అడుగు భాగం తడిచేలా కొట్టాలి. రసాయనపు మందులు పిల్లలున్న డాబా మీదకు తేవద్దు. పొలంలో మందు కొట్టి వచ్చి మా నాన్న రెండు రోజులు కళ్లు తిరిగి పడుకోవడం నేను చూశాను, ఈ విషయంలో నాది గట్టి పట్టు. మిరప కాయలు కోసేటప్పుడు కళ్లు నలుపుకోకూడదని ముందే చెప్పండి. చేతులు మండితే ముందు కొబ్బరినూనె రాసి, తర్వాత సబ్బుతో కడగాలి.

కష్టపడ్డా పోయినప్పుడు

2023లో అమ్మాయి ఆ మూడు ఓపికల పద్ధతి పక్కనపెట్టి మూడు బకెట్లలోనూ టమాటా వేసింది. పురికొసతో కర్రలకు కట్టింది, పక్క పిలకలు గిల్లింది, ఒక్క పూట మరవలేదు. నవంబరు ఆఖరికి గుత్తులు దిగాయి, ఇంకా పచ్చివే. డిసెంబరు 5న మిగ్‌జాం తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటింది. ఆ రెండు రోజులు గుంటూరులో గాలి, వాన ఆగలేదు. బకెట్లను మెట్ల గదిలోకి తెద్దామని వెళ్లేసరికే కర్రలతో సహా వొరిగిపోయాయి, కాడలు విరిగాయి.

ఇలాంటప్పుడు మన నోటికి వచ్చే మాటలు రెండు. ఒకటి "పోనీలే, మార్కెట్లో కిలో కొనుక్కుందాం." రెండోది "కష్టపడితే ఫలితం ఎప్పటికైనా వస్తుంది." మొదటి మాటతో తన మూడు నెలలూ తేలిపోతాయి. రెండోది అబద్ధం. అదే తుఫానుకు మా ఊరి చుట్టుపక్కల కోతకొచ్చిన వరి నీళ్లలో పడుకుంది, మిరప చేలు మునిగాయి. వాళ్లెవరూ కష్టంలో లోటు చేసినవాళ్లు కాదు. నేను తన పక్కన కూర్చుని, "బాగా పెంచావమ్మా. పోయాయి" అన్నాను. తను ఏడ్చింది. తర్వాత ఫోన్లో తాతయ్యకు చెప్పింది. ఆయన అడిగింది ఒక్కటే, "కాడలు పచ్చిగా ఉన్నాయా?" అని. టమాటా కాడ తడిమట్టిలో గుచ్చితే మళ్లీ వేరు తొడుగుతుంది. విరిగిన వాటిలో జానెడేసి ముక్కలు ఏడు ఏరి, కింది ఆకులు తీసి, నీడన నాటింది. నాలుగు బతికాయి. ఫిబ్రవరిలో కాయలు దిగాయి.

కోశాక ఏం చేయాలి

మొదటి కోతతో ఏం వండాలో, ఎవరికి పంచాలో పిల్లలే చెప్పాలి. మెంతికూర పప్పయినా, గోంగూర పండుమిరప పచ్చడైనా సరే. వలవడం, కడగడం, రోట్లో నూరడం అన్నిటిలో చేయి వేయాలి, అబ్బాయైనా అమ్మాయైనా. పండించడం ఒక కష్టం, దాన్ని కంచంలోకి తేవడం ఇంకో కష్టం, ఆ రెండోది ఇంట్లో రోజూ ఎవరు చేస్తున్నారో వాళ్లకు కనపడాలి.

2024 ఆగస్టులో అమ్మాయి మిరప నారు పోసింది. విత్తనం గుంటూరు దగ్గరి లాం పరిశోధన కేంద్రం రకం, ఎల్.సి.ఎ. 334, తాతయ్య ఇచ్చాడు. ఆ ఆగస్టు ఆఖరి వానలకు, విజయవాడలో బుడమేరు వాగు పొంగి సింగ్‌నగర్ మునిగిన రోజుల్లో, నారు ట్రేని తన మంచం కిందే పెట్టుకుంది. సెప్టెంబరు మధ్యలో మూడు బకెట్లలో మూడు మొక్కలు నాటింది. పైముడత వచ్చిన ఆకులు తుంచింది, వేపనూనె కొట్టింది. జనవరిలో ఎర్రటి కాయలు కోసి పాత చీర మీద ఆరబోసింది. మంచు పడుతుందని రోజూ సాయంత్రం ఎత్తి, పొద్దున పరిచేది. రంగు పోయి తెల్లబారిన తాలు కాయలు ఏరి పక్కన పెట్టింది. ఎండాక మా వంటింటి కాటాలో తూచితే 210 గ్రాములు.

"యార్డులో ఎంతకు పోతుంది నాన్నా?" అంది. ఆ ఫిబ్రవరిలో ధర బాగా పడిపోయి, కేంద్రం మార్కెట్ జోక్య పథకం కింద క్వింటాకు 11,781 రూపాయలు ప్రకటించింది. అంతకు ముందు రెండేళ్లు మంచి కాయ 20 వేల పైన అమ్ముకున్న రైతులే వాళ్లంతా. తనే లెక్క వేసింది. 24 రూపాయల 74 పైసలు. కాగితం వైపు చాలాసేపు చూసి, "ఆరు నెలలకా?" అంది.

నేను జవాబు చెప్పలేదు. ఆదివారం సాయంత్రం ఇద్దరినీ యార్డుకు తీసుకెళ్లాను. సోమవారం అమ్మకాల కోసం లారీల్లోంచి టిక్కీలు, అంటే మిరప బస్తాలు, దిగుతున్నాయి. ఒక్కోటి నలభై కిలోల పైనే. ఘాటుకు పిల్లలిద్దరూ దగ్గుతూనే ఉన్నారు. ఒక పెద్దాయన తన టిక్కీల మీద దుప్పటి పరుచుకుని పడుకోబోతున్నాడు, రాత్రంతా అక్కడే. అమ్మాయి ఆయన దగ్గరకెళ్లి, "తాతా, ఇవి ఏ రకం?" అని అడిగింది. ఆయన ఒక కాయ తీసి ఇచ్చాడు. తను తొడిమ పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసి, "తాలు బాగా ఏరారు" అంది. ఆయన లేచి కూర్చున్నాడు. ఇద్దరూ మంచు గురించి, ముడత గురించి పావుగంట మాట్లాడుకున్నారు. నేను చిన్నోడి చేయి పట్టుకుని దూరంగా నిలబడ్డాను. గట్టు మీద మా నాన్నను తను అడిగిన ప్రశ్న గుర్తొచ్చింది.

ఆ 210 గ్రాముల్లో సగం కారం ఆడించి తాతయ్యకు పంపింది. బాగా కాసిన మొక్క నుంచి నాలుగు కాయలు విడిగా ఉంచి, గింజ తీసి, బూడిద కలిపి సీసాలో పోసి మూత మీద తేదీ రాసుకుంది. విత్తనం దాచేటప్పుడు గింజ బాగా ఎండాలి, సీసాలో చెమ్మ ఉండకూడదు, అంతే.

ఈ ఏడు ఆగస్టు మొదటి వారంలో మళ్లీ నారు పోస్తుందట. నన్ను ఒక్క సాయమే అడిగింది. తన మూడు బకెట్లకూ అడుగున ఇంకో నాలుగేసి కన్నాలు పెట్టమంది, పెద్ద వానొస్తే నీళ్లు ఆగుతున్నాయట. ఊచ కాల్చే పని కాబట్టి అది నేను చేస్తున్నాను.